ఇంటి నమూనా గీయించేముందు ఎండదారి చూడండి



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పేర్లు మీకు కొత్తవి కావు. ఆ రెంటి నడుమ కొత్తపేటలోనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు చాలా ఏండ్లు నడిచింది. నల్లగొండ బత్తాయి అక్కడికే చేరేది, మామిడి అక్కడికే చేరేది. 2021-22లో ఆ మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయింది. అయినా మన రైతులకు ఆ ప్రాంతంతో సంబంధం తెగలేదు. పిల్లల చదువులకనీ, ఉద్యోగాలకనీ, పంటడబ్బు కూడబెట్టి అక్కడ నూటయాభై, రెండువందల గజాల జాగా కొని ఇల్లు కడుతున్నవారు ఎందరో వున్నారు. వారికోసమూ, ఊళ్ళోనే డాబా వేయదలచినవారికోసమూ ఈవేళ ఒక్క సంగతి చెప్పదలచాను.

చల్లగా వుండి, కరెంటు తక్కువ ఖర్చయ్యే ఇల్లు యంత్రాలు కొన్నందువల్ల రాదు. నమూనా గీయించేనాడే రావాలి. గట్టుకు గండిపడిన మడికి ఎంత పెద్ద మోటారు పెడితే మాత్రం ఏం లాభం? ముందు గండి పూడుస్తాం గదా! ఇల్లూ అంతే. ఎండను బయటనే ఆపాలి. లోపలికి రానిచ్చి, ఆ వేడిని ఏ.సి.తో తోడిపోయడం దండుగ.

మరి ఎండ ఎటునుంచి వస్తుంది? దీనికి పెద్ద చదువు అక్కరలేదు. హైదరాబాదులో మే 9వ తేదీ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిటారుగా ఒక కర్ర నాటి చూడండి. నీడ కనబడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వుంటాడు. అంటే వేసవి ఎండ అన్నిటికంటె ఎక్కువగా పడేది కప్పుమీద. ఆ తరువాత పడమటి గోడమీద. కాలనీలలో ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని వుంటాయి గనుక పక్కగోడలకు పొరుగింటి నీడ దొరుకుతుంది. కప్పుకు మాత్రం ఏ నీడా లేదు. పగలంతా కాగిన సిమెంటు కప్పు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పై అంతస్తువారికి రాత్రి పదిగంటలైనా నిద్రపట్టకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మొదటి ఖర్చు కప్పుమీద పెట్టండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వాన మరకలు కడిగి, కొంచెం జిగురు కలిపిన సున్నం రెండుపూతలు వేస్తే చాలు. ఏటా ఫిబ్రవరిలో ఈ పని చేసుకోవాలి. కొంచెం స్తోమతు వుంటే తెల్లని పింగాణీ పెంకులు పరిపించండి, ఏండ్లతరబడి వుంటాయి. 2017లో హైదరాబాదులోని ఒక బస్తీలో 25 పేదల ఇండ్ల కప్పులమీద తెల్లని పొర పరచి చూచారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. దాని ప్రకారం 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇండ్లకు ఇది తప్పనిసరి. చిన్న స్థలాలవారికి వారి ఇష్టం. కాని అవసరం చిన్న ఇంటికే ఎక్కువ.

పూతతోపాటు కప్పుపైన వేడి దిగని పొర కూడా వేయిస్తే మరీ మంచిది. పూర్వం మట్టికుండలు బోర్లించి, పైన సున్నపుగచ్చు వేసేవారు. కుండలోని గాలి వేడిని ఆపేది. మన పెంకుటింటి అటక చేసే పని కూడా అదే. ఇప్పుడు అందుకు తేలికైన పలకలు దొరుకుతున్నాయి.

ఇక పడమర. సాయంకాలపు ఎండ వాలుగా వస్తుంది. కిటికీమీది సజ్జ దానిని ఆపలేదు. అందుచేత పడకగదిని అటు పెట్టవద్దు. మెట్లు, స్నానాలగది, సామాన్లగది అటు వుంచండి. జాగా వుంటే ఒక వేపచెట్టు, లేదా కానుగ నాటండి. లేకుంటే గోడకు జానెడు ఎడంగా తీగలు కట్టి చిక్కుడో, సన్నజాజో పాకించండి. పందిరి వేయడం రైతుకు ఎవరు నేర్పాలి?

గాలి సంగతి మరువకండి. వచ్చే కిటికీ ఒక్కటే వుంటే గాలి రాదు, పోయే దారి కూడా వుండాలి. ప్రతి గదికీ ఎదురెదురుగానైనా, రెండు వేర్వేరు గోడలకైనా కిటికీలు పెట్టించండి. పగలు వేడిగాలి వీచేటప్పుడు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి.

ఇంత చేశాకనే యంత్రాల మాట. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది. కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల లోపే. రోజుకు 12 గంటల చొప్పున నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండవది 11 యూనిట్ల లోపు కాలుస్తుంది. నాలుగు ఫ్యాన్లకు లెక్క మీరే వేసుకోండి. అదే ఒకటిన్నర కిలోవాట్ల ఏ.సి. రాత్రికి నాలుగు గంటలు నడిస్తే 6 యూనిట్లు, నెలకు 180. 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. దాటితే బిల్లు మొత్తం కట్టవలసిందే. ఒక్క ఏ.సి.తోనే ఆ గీత దగ్గరకు వచ్చేస్తాం, చూచారా!

సూర్యపలకలకు కూడా ముందే చోటు విడవండి. చలికాలంలో ట్యాంకు నీడ ఉత్తరంవైపు పడుతుంది. అందుచేత పలకలు ట్యాంకుకు దక్షిణంగా వుండటం మేలు. 2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయం నిర్ణయించారు. ఎత్తుగా బిగిస్తే పలకల నీడ కప్పుకూ దక్కుతుంది.

వ్యవసాయ విస్తరణాధికారులకు ఒక మనవి. మాట చెబితే నమ్మనివారు కంటితో చూస్తే నమ్ముతారు. మీ గ్రామంలో ఒక డాబా ఎన్నుకొని, సగం కప్పుకు సున్నం వేయించండి. ఏప్రిల్ మధ్యాహ్నం నలుగురినీ పైకి తీసుకుపోయి రెండు సగాలమీదా చెయ్యి ఆనించి చూడమనండి. విత్తనాలకు ప్రదర్శనక్షేత్రం పెట్టినట్టే ఇదీను.

కాగితంమీద మెట్లు ఒక పక్కనుంచి మరో పక్కకు జరపడానికి రబ్బరు చాలు. కట్టిన తరువాత గడ్డపార కావాలి. కనుక సోదరులారా, మేస్త్రీని పిలిచేముందు ఒక రోజు మీ జాగాలో నిలబడి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎండ నడిచే దారి చూడండి. ఆ తరువాతే నమూనా గీయించండి.