ఏ జీతానికి కొరత?

సదస్సు అధ్యక్షోపన్యాసంలో ఆనవాయితీగా చేసే శాస్త్ర సమీక్షను ఈసారి పక్కన పెట్టి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఇంటికీ సంబంధమున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడతాను: ఇంజనీర్ల కొరత నిజంగా ఉందా? మన ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో నూటికి 25 మంది మాత్రమే ఐటీ కొలువుకు పనికివస్తారనీ, 2010 నాటికి 5 లక్షల మంది నిపుణుల కొరత వస్తుందనీ 2005లో ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, సలహా సంస్థ మెకిన్సీ కలిసి ఒక నివేదికలో చెప్పాయి. ఇరవై ఏళ్లు గడిచాయి. అంకెలు మారాయి గానీ ఫిర్యాదు మారలేదు. ఇదే కాలంలో మారనిది ఇంకొకటి ఉంది. పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరే సాధారణ ఇంజనీరుకు 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు లక్షల పైచిల్లర ఇచ్చేవారు. ఈమధ్య కూడా ఆ ప్యాకేజీ మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈలోగా ధరలు రెట్టింపుకు మించాయి కాబట్టి కొనుగోలు శక్తిలో చూస్తే ఫ్రెషర్ జీతం దాదాపు సగం కరిగిపోయింది. పదిహేనేళ్లుగా కొరతలో ఉన్న సరుకు ధర పదిహేనేళ్లుగా తగ్గుతూ వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? కిలో యాభై రూపాయలకు కందిపప్పు దొరకడం లేదనే మనిషిని మనం కరువు బాధితుడని అనం.

ఈ వాదం కొత్తది కాదు. సోవియట్ రష్యాతో పోటీలో ఇంజనీర్లు చాలడం లేదని అమెరికా కంగారుపడుతున్న 1957లో ఆర్థికవేత్తలు డేవిడ్ బ్లాంక్, జార్జ్ స్టిగ్లర్ జీతాల లెక్కలు తీశారు. 1929 నుంచి చూస్తే, ఇతరుల ఆదాయాలతో పోల్చినప్పుడు ఇంజనీర్ల జీతాలు తగ్గాయని తేల్చి, కొరత మాటనే తోసిపుచ్చారు. రెండేళ్ల తర్వాత మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కెనెత్ యారో, విలియం కాప్రన్ దీనికి సమాధానం రాశారు. గిరాకీ ఎడతెగకుండా పెరుగుతున్నప్పుడు జీతాలు దాని వెనక నింపాదిగా కదులుతాయి, ఆ మధ్యకాలంలో ఖాళీలు నిజంగానే మిగిలిపోతాయి అన్నది వారి వాదం. నా దృష్టిలో ఇది స్టిగ్లర్ మాట కన్నా లోతైనది. అయితే మన పరిశ్రమ ప్రతినిధులు దీన్ని ఆసరా చేసుకోలేరు. యారో, కాప్రన్ చెప్పిన కొరతలో జీతం ఆలస్యంగానైనా పెరుగుతుంది. మన ఫ్రెషర్ విషయంలో ఆ కదలికే లేదు.

నిజమైన బిగువు వచ్చినప్పుడు బజారు ఎలా ఉంటుందో 2021, 2022 సంవత్సరాల్లో చూశాం. ఇన్ఫోసిస్‌లో వలసల రేటు 28 శాతం దాటింది. మూడు నాలుగేళ్ల అనుభవమున్న వాళ్లు కంపెనీ మారితే భారీ హైక్‌లు వచ్చాయి. ఏ కోర్సుకు గిరాకీ ఉందో, కోచింగ్ సెంటర్ల ప్రకటనలతో నిండిన హైదరాబాద్ అమీర్‌పేట గోడలు ఎప్పటిలాగే అందరికన్నా ముందు చెప్పాయి. ఇంత సందడిలోనూ ఫ్రెషర్ ప్యాకేజీ ఉన్నచోటే ఉండిపోయింది. 2023-24 వచ్చేసరికి గాలి తిరిగింది. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి సుమారు 64 వేల మంది సిబ్బంది తగ్గారు. కాబట్టి కంపెనీలు కొరత అని పిలుస్తున్నది మనుషుల కొరత కాదు, ఇంకొకరి ఖర్చుతో శిక్షణ పొంది సిద్ధంగా వచ్చిన మనుషుల కొరత. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే దీని మూలం చెప్పాడు. ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యాన్ని నేర్పితే నేర్చినవాడు వెళ్లిపోగలడు, అందుకని ఆ ఖర్చును యజమాని భరించడు. తక్కువ జీతం రూపంలోనో, కోచింగ్ ఫీజుగానో, బాండు రూపంలోనో అది చివరికి కుర్రవాడి నెత్తినే పడుతుంది.

ధరను నిర్ణయించేది విదేశీ ఖాతాదారు, మా చేతుల్లో ఏముంది అని కంపెనీలు అడగవచ్చు. ఏటా సుమారు 20 నుంచి 25 శాతం నిర్వహణ లాభం చూపించే టీసీఎస్, ఇన్ఫోసిస్ వంటి సంస్థలకు ఆ మాట నప్పదు. పైగా డబ్బుకు లోటు లేని చోట కూడా యజమానులు చేసిందేమిటి? ఒకరి ఉద్యోగులకు ఇంకొకరు వల వేయకూడదని సిలికాన్ వ్యాలీ సంస్థలు లోపాయికారీగా ఒప్పందాలు చేసుకున్నాయి. యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ వంటి వాటిపై అమెరికా న్యాయశాఖ 2010లో కేసు వేసి ఆ ఒప్పందాలు మాన్పించింది. ఆ తర్వాత ఉద్యోగులు వేసిన దావాలో ఆ నాలుగు కంపెనీలు 41.5 కోట్ల డాలర్లు ఇచ్చుకోవలసి వచ్చింది. నిపుణులు దొరకడం లేదని ప్రభుత్వానికి మొరపెట్టుకునే పరిశ్రమే వాళ్ల జీతం పెరగకుండా చూసిందన్నమాట.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. చిప్ డిజైన్‌లోనో, సైబర్ భద్రతలోనో పదేళ్ల పట్టున్న మనిషిని రేపు జీతం రెట్టింపు చేసినా ఎల్లుండికి తయారు చేయలేం. ఒప్పుకుంటాను. ఆ కొరత నిజమే. కానీ అది ఎక్కడ పుట్టిందో వెతికితే తరగతి గదిలో తేలుతాం. ఎంటెక్ చేసిన సమర్థుడు పాఠం చెప్పడానికి ఎందుకు రావాలి? చాలా ప్రైవేటు కాలేజీల్లో జీతం ఏఐసీటీఈ స్కేలుకు ఎంత దూరమో ఈ సభలో ఉన్న అధ్యాపకులకు నేను చెప్పనక్కరలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే ముందు ఆగేది వాళ్ల జీతమే. సిద్ధంగా ఉన్న మనుషులు దొరకడం లేదంటే, వాళ్లను సిద్ధం చేసేవాళ్లకు ఎవరూ సరిగా చెల్లించలేదని అర్థం. ఇదీ జీతం సమస్యే, కాకపోతే ఒక తరం వెనక మొదలైంది.

ఇక మనలో లెక్కలు తీసేవారికి ఒక విన్నపం. కొరత ఉందని ఎవరు చెప్పినా ఖాళీ ఎన్నాళ్లుగా ఉంది, దానికి ఎంత జీతం ప్రకటించారు, నిరుటి కన్నా ఎంత పెంచారు అని అడిగి పట్టిక తయారు చేయండి. ఆ మూడు గడులూ నిండకుండా, పట్టాలు, మార్కుల శాతాలతో నిండిన సర్వేలు మనకు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. మధ్యాహ్నం గోష్ఠిలో మాట్లాడబోయే పరిశ్రమ ప్రతినిధుల్ని కూడా ఇవే అడుగుదాం.