పుల్ల నీడ

వేసవి సెలవులు దగ్గరపడినప్పుడెల్ల మాకు వచ్చు జాబులలో ఒక కోరిక తఱచుగా కానవచ్చును. పెద్దల సాయము లేకుండ పిల్లలు ఇంటిలో తమంతట తాము చేసికొనదగిన విజ్ఞానశాస్త్ర ప్రయోగములు కొన్ని చెప్పవలసినదని. పిల్లలు ఒక గంటసేపు తమ జోలికి రాకున్న చాలునన్న ఆశయు ఆ జాబులలో కొంత లేకపోలేదు. మేమును పిల్లలున్న ఇంటివారమే గనుక దానిని తప్పు పట్టము.

ప్రయోగములు చెప్పుట కష్టము కాదు. మంచినీటిలో కోడిగ్రుడ్డు మునుగును. ఉప్పు కలుపుచు పోగా తేలును. మొలకెత్తిన పెసగింజను, వేరు పైకుండునట్లు, గాజుగ్లాసు లోపలి గోడకు తడిగుడ్డతో అదిమి పెట్టినచో, ఒకటి రెండు దినములలో ఆ వేరు మరల క్రిందికి వంగును. యునెస్కో సంస్థ 1956లో ప్రకటించిన విజ్ఞానబోధన గ్రంథములో ఇట్టివి వందలకొలది కలవు. యుద్ధములో దెబ్బతిన్న దేశముల ఉపాధ్యాయులకై 1948లో వెలువడిన ఒక చిన్న పుస్తకము దానికి మూలము. ప్రయోగశాలలు లేనిచోట డబ్బాలు, సీసాలు, దారములే పరికరములైనవి.

పరికరములు చౌకగా ఉండవలెను. నిప్పు, కత్తి, విద్యుత్తు వాని దరికి రాకూడదు. ఇవి అందరును ఎఱిగినవే. వీనికంటె కష్టమైన నియమము మఱియొకటి కలదు. ఫలితమును పెద్దలు ముందుగా చెప్పివేయరాదు. ఇది మాకు తెలిసివచ్చిన తీరు కొంచెము సిగ్గుతోనే చెప్పవలసియున్నది.

ఒక ఏడు ఫిబ్రవరి నడుమ, హైదరాబాదులో, పదేండ్ల మా మేనకోడలికి ఒక పని ఒప్పగించితిమి. డాబామీద తెల్లకాగితము పఱచి, దానిపై బంకమట్టి ముద్దలో జానెడు పుల్లను నిలువుగా గ్రుచ్చి, అయిదు నిమిషములకొకసారి నీడ కొనను గుర్తుపెట్టి, నీడ మిక్కిలి పొట్టిగా నున్న వేళను వ్రాసికొని రమ్మంటిమి. సూర్యునివైపు చూడరాదనియు చెప్పితిమి. అంతటితో ఊరకుండవలసినది. ఉండలేక, "సరిగా పండ్రెండింటికి పొట్టిదగును, చూడు" అని కూడ అంటిమి.

ఆమె ఒంటిగంట దాటిన తరువాత దిగివచ్చి, "పండ్రెండున్నరకు, మామయ్యా" అన్నది. పుస్తకములో పండ్రెండనియే యున్నది, నీవు గడియారము సరిగా చూడలేదని మందలించితిమి. ఆమె మాఱుమాటాడలేదు. తాను వ్రాసిన అంకెను కొట్టివేసి, 12 అని దిద్దినది.

నాలుగు దినములైన పిమ్మట ఆమె మరల డాబా ఎక్కినట్లు మాకు తెలియదు. ఈసారి రేడియోలో వార్తలకు ముందు చెప్పు సమయముతో గడియారమును సరిచేసికొన్నదట. నడిమధ్యాహ్నమున నీడ పొడవు మిక్కిలి మెల్లగా మాఱును గనుక పొట్టి నీడను పట్టుట కష్టమని గ్రహించి, పద్ధతియే మార్చినది. పుల్ల మొదలు కేంద్రముగా, దారముతోను పెన్సిలుతోను ఒక వలయము గీచినది. నీడ కొన వలయమును తాకి లోనికి వచ్చిన వేళ 11.20. మరల తాకి వెలుపలికి పోయిన వేళ 1.40. రెంటికి నడిమి వేళ 12.30. తూర్పు పడమరలు కనుగొనుటకు కాత్యాయన శుల్బసూత్రములో చెప్పిన ఉపాయమును ఇట్టిదే. అది ఆమెకు ఎవరైన చెప్పిరో, తానే ఊహించినదో మేము అడుగలేదు. అడుగు స్థితిలో లేము.

"ఈసారి గడియారము మీ రేడియోదే, మామయ్యా" అన్నది.

ఆ రాత్రి పుస్తకములు తిరుగవేసితిమి. మన గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలమును చూపును. ఆ రేఖ కాకినాడకు చేరువగా పోవును. హైదరాబాదు దానికి సుమారు నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున అచ్చట మధ్యాహ్నము 16 నిమిషములు ఆలస్యమగును. భూమి కక్ష్య సరియైన వృత్తము కాకపోవుటచేతను, భూమి అక్షము ఒరిగియుండుటచేతను ఫిబ్రవరి నడుమ మఱి 14 నిమిషములు చేరును. వెరసి అరగంట. నవంబరు మొదటివారములో ఈ రెండవ లెక్క తిరుగబడి మొదటిదానిని ఇంచుమించు చెఱిపివేయును. అప్పుడు హైదరాబాదులో పొట్టి నీడ పండ్రెండింటికే పడును. మూడు నెలలు ముందుగా ఆ పని ఒప్పగించియున్నచో మా అజ్ఞానము బయటపడకపోయెడిది!

ఆమె దిద్దిన కాగితము మా బల్ల సొరుగులో ఇప్పటికిని ఉన్నది.

ఈ పుల్ల మఱియొక వింతయు చూపును. కర్కటరేఖకు దక్షిణమున నున్న మనకు ఏడాదిలో రెండు దినములు నడిమధ్యాహ్నమున నీడ పుల్ల మొదటనే అణగిపోవును. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతములందు. తిరుపతిలో ఏప్రిల్ చివరివారమున, మరల ఆగస్టు నడుమ. ఢిల్లీ పిల్లలకు ఈ భాగ్యము లేదు. ఆగస్టులో మబ్బుల భయము గనుక మొదటి దినమునే నమ్ముకొనుట మేలు. పుల్ల నిటారుగా నున్నదా యని, దారమునకు చిన్న రాయి కట్టి వ్రేలాడదీసి సరిచూచుకొనవలెను. మే ఎండ సామాన్యమైనది కాదు. తలకు గుడ్డ చుట్టుకొని, గుర్తు పెట్టిన వెంటనే చావడిలోనికి వచ్చునట్లు చూచుట పెద్దల పని.

ఆ రెండు దినములకు నడుమనున్న నెలలలో మధ్యాహ్నపు నీడ ఎటువైపు పడునో మేమిచ్చట చెప్పము. తెలిసిన పెద్దలును పిల్లలతో చెప్పకుందురు గాక.