ఉర్దూ మీడియం పిల్లలు - పళ్ళ డాక్టరు చదువు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మాస్టర్ సాబ్, ఉర్దూలో చదివిన పిల్ల డాక్టరు ఎట్లా అవుతుంది?" అని తండ్రులు నన్ను అడుగుతుంటారు. అవుతుంది. పళ్ళ డాక్టరు చదువైన బి.డి.ఎస్.కు దారి నీట్ పరీక్ష. 2018 నుండి దానిని ఉర్దూలోనూ వ్రాయవచ్చు. ఏ భాషలో వ్రాసేదీ దరఖాస్తులోనే తెలపాలి.

కాలేజీలో పాఠాలు మాత్రం ఇంగ్లీషులోనే. కనుక ఎనిమిదో తరగతి నుండే ప్రతి శాస్త్రపదాన్నీ రెండు భాషల్లో నేర్పాలి. 'ఖలియా' తెలిసిన పిల్లకు 'సెల్' తెలియాలి. 'జియాయీ తాలీఫ్' అన్న నోటితోనే 'ఫొటోసింథసిస్' అనాలి. పదో తరగతి కాగానే ఇంటర్లో బై.పి.సి. తీసుకోవాలి.

2025 నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు జీవశాస్త్రానివే. ఒప్పుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 పోతుంది. నాలుగు తప్పులు ఒక ఒప్పును మింగేస్తాయన్న మాట!

ఇక కాగితాలు. పదో తరగతి మెమోలో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ' అని ఉంటే ఇప్పుడే సరిచేయించండి. బి.సి.-ఇ వర్గాలకు 2007 చట్టం ప్రకారం 4 శాతం సీట్లున్నాయి. ఆ సర్టిఫికెట్టు ముందే తెచ్చిపెట్టుకోండి.

నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. భాష పేరు చెప్పి ఆడపిల్లల చదువు పదితో ఆపకండి. సొసైటీవారు ఆదివారాలు ఒక గది ఇప్పిస్తే, ఈ రెండు భాషల పదాలు నేర్పడానికి నేను వస్తాను.