కొలువు వీడి కడలి దాటినవారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఉపన్యాసమునకు నిర్ణయింపబడిన విషయము, ఉద్యోగము మాని కొంతకాలము దేశాంతరము పోవుట. పండుగపూట ఇదేమి ప్రసంగమని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కాని ఈ ప్రశ్న నేడు ఊరిలోని పెక్కు గడపలలోనికి వచ్చి కూర్చున్నది. హైదరాబాదుననో బెంగుళూరుననో నెలజీతమునకు కుదురుకొన్న పిల్లవాడు ఒకనాటి సాయంకాలము ఫోనుచేసి, "నాన్నా, ఉద్యోగం మానేసి ఆరునెలలు దేశాలు చూసి వస్తాను" అనును. ఆ మాట వినునప్పటికి తండ్రి కల్లములో ఎండు మిరపకాయలు ఏరించుచుండును. ఆయన నోట మాట రాదు.

తండ్రి మౌనమునకు కారణమున్నది. నల్లరేగడిలో ప్రత్తి పెట్టినవానికి వాన నమ్మకము లేదు. మిరప వేసినవానికి తెగులు భయము, కౌలు భయము, యార్డులో ధర భయము. ధర పడిన యేడు బస్తాలు కోల్డు స్టోరేజికి చేరును. వాటిమీద తెచ్చిన అప్పు ఇంటికి చేరును. ఇన్ని అనిశ్చయముల నడుమ మొదటి తారీఖున తప్పక వచ్చునది కొడుకు జీతమొక్కటే. దానిని వాడు తనంత తాను వదలుకొనుచున్నానన్నచో తండ్రికి గుండె జారుట సహజము. ఆయనది అజ్ఞానమనరాదు. అట్లే లోకము చూడవలెనన్న పిల్లవాని కోరికను మదమనియు కొట్టివేయరాదు. ఈ రెండు న్యాయముల నడుమ తీర్పు చెప్పుటకు ముందు, ఈ దారిన నడచిన తెలుగువారి చరిత్రమును ఒకమారు తిరుగవేయుట మేలు.

మొదట స్మరింపదగినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830వ సంవత్సరము మే నెలలో పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. పదునైదు నెలలు పల్లకిమీదను కాలినడకను సాగిన ఆ ప్రయాణము సముద్రము దాటినది కాదు. అయినను ఆనాటికి నాగపురమును ప్రయాగయును తెలుగువానికి పరదేశములే. ఆయన కొలువునకు స్వస్తి చెప్పలేదు. సెలవు గైకొని పోయి, మరలివచ్చి కొలువులోనే చేరెను. దారిపొడవున చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు వ్రాసి పంపుచుండెను. ఏ ఊర ఏ సరకు దొరకును, ఏ నదిని ఎట్లు దాటవలెను, ఎచ్చట ఏ సుంకము వసూలు చేయుదురు అను సంగతులన్నియు అందున్నవి. ఆయన మరణానంతరము 1838లో ఆ వ్రాతలు "కాశీయాత్ర చరిత్ర" అను గ్రంథముగా వెలువడినవి. నేడు ఆ పదవి లేదు, ఆ న్యాయస్థానము లేదు. ఆ పుస్తకము మాత్రము చదువబడుచున్నది.

స్త్రీలకు ఈ దారి లేదనుకొనువారు పోతము జానకమ్మను తలచుకొనవలెను. సముద్రము దాటినవారికి వెలి, ప్రాయశ్చిత్తము తప్పని కాలమున, 1873లో, ఆమె ఇంగ్లండు పోయి వచ్చెను. తన యాత్రను తెలుగున వ్రాసెను. దాని ఆంగ్లరూపము 1876లో చెన్నపట్టణమున అచ్చయ్యెను. కొడుకు విషయమున ఆలోచింతుమని, కూతురి విషయమున ఆలోచననే మానుకొను ఇండ్లకు నూటయేబది యేండ్ల నాటి ఈ సంగతి గుర్తుచేయదగినది.

ఇక గుంటూరు సీమకు వత్తము. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున 1877లో జన్మించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో న్యాయవాదవృత్తి నెలకొల్పుకొన్నవాడు. కక్షిదారులు వచ్చుచున్నారు, పట్టణమున పేరున్నది, వితంతూద్వాహముల వంటి సంఘసంస్కారమున భార్య లక్ష్మీబాయమ్మతో కూడి పాటుపడుచున్నాడు. అట్టివాడు 1913లో, ముప్పదియైదేండ్ల వయస్సు దాటిన పిమ్మట, ఆ వృత్తిని ఆపి బారిష్టరు చదువునకై ఐర్లండు దేశపు డబ్లిను నగరమునకు పోయెను. 1916లో తిరిగివచ్చెను.

ఆ రెండు సంవత్సరములను చరిత్రలో చూడుడు. 1913లోనే డబ్లినున యజమానులు సంఘములో చేరిన కార్మికులను పనిలోనికి రానీయక తలుపులు మూసిరి. వేలకొలది కుటుంబములు నెలల తరబడి పస్తులుండెను. 1916 ఏప్రిలులో ఆ నగరముననే ఐరిషువారు స్వాతంత్ర్యమునకై తిరుగబడిరి. లక్ష్మీనారాయణ పోయినది న్యాయశాస్త్రమునకు. చుట్టునున్న లోకము వేరొక పాఠము చెప్పుచుండెను. స్వదేశమునకు వచ్చి, సహాయనిరాకరణోద్యమ కాలమున ఆ బారిష్టరు వృత్తిని సయితము వదలి, చెరసాలకేగి, అచ్చట "మాలపల్లి" నవలను వ్రాసెను. కూలిగింజలకై పాటుపడు హరిజనకుటుంబమును కథకు నడిమిస్థానమున నిలిపిన ఆ నవలను చెన్నపురి ప్రభుత్వము నిషేధించెను. డబ్లిను కార్మికుని పస్తును, మంగళాపురపు పాలేరు పస్తును ప్రక్కప్రక్కన నుంచి చదువుకొనుట పాఠకులకు మేలుచేయును. 1922లో ఆ దంపతులు గుంటూరున స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. పోయినవాని పేరుతోపాటు ఇంటనిలిచిన యిల్లాలి పేరును చెప్పకున్న ఆ చరిత్ర సగమే అగును.

ఇప్పుడు ఈ ఉపన్యాసమునకు ప్రాణమువంటి కథ. కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున 1889 జూను 2వ తేదీన పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పసితనముననే తల్లిని, తండ్రిని కోల్పోయి, నాయనమ్మ, పినతండ్రుల ప్రాపున పెరిగెను. పాఠ్యపుస్తకములమీద కంటె పాటమీద, నాటకముమీద ఆయనకు మక్కువ హెచ్చు. ఎట్లో మెట్రిక్యులేషను నెగ్గి బాపట్ల తాలూకా కచేరీలో కొలువున చేరెను. నాటి దినములలో తాలూకా కచేరీ ఉద్యోగమనిన ఎంత గౌరవమో పెద్దలకు చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు లేని పిల్లవానికి దొరకిన నీడ అది. ఆయన అందొక యేడు పనిచేసి మానివేసెను. 1911లో, తరువాతికాలమున గుంటూరున బారిష్టరుగా పేరొందిన మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కూడి, స్కాట్లండు దేశమందలి ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పోయెను.

అచ్చట అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టమందెను. అంతతో ఊరకుండలేదు. ప్రాచ్యకళల మర్మమెరిగిన ఆనందకుమారస్వామితో ఆయనకు పరిచయమయ్యెను. నందికేశ్వరుని "అభినయదర్పణము"ను ఇరువురును కలిసి ఆంగ్లీకరించిరి. 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని ప్రకటించెను. బాపట్ల కచేరీలో కాగితములు వ్రాసిన చేయి, భరతఖండపు నాట్యశాస్త్రమును పాశ్చాత్యులకు అందించినది. తన యింటి సొత్తు విలువ తెలియుటకు దూరదేశము పోవలసి వచ్చుట విచిత్రమేమియు కాదు. ఊరిచెరువు కొలతలు కట్టమీద నిలిచినవానికి గాని తెలియవు.

స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు ఆంధ్రజాతీయ కళాశాలయందును ఉపాధ్యాయుడుగా నుండెను. ఎచ్చటను ఎక్కువకాలము నిలువలేదు. తుదకు చీరాల చేరెను. చీరాల నాడు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ప్రకాశము జిల్లాలోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. ప్రభుత్వము చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘముగా చేయగా, నాలుగువేల రూపాయల పన్ను నలుబదివేలకు ప్రాకెను. నేతపని చేసి బ్రతుకువారికి అది మోయరాని బరువు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినప్పుడు రెండు మార్గములు చెప్పెను: పన్ను నిరాకరించి శిక్షల ననుభవించుట యొకటి, పురపాలక సరిహద్దు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. గోపాలకృష్ణయ్య నాయకత్వమున ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి.

సుమారు పదునైదువేల జనములో పదుమూడువేలమంది ఇండ్లకు తాళములు వేసి, మగ్గపుగుంటలను విడిచి, ఊరివెలుపల పాకలలో చేరిరి. ఆ వలసకు రామనగరమని పేరు. వేసవి యెండలు, వర్షాకాలపు బురద, చలి, అన్నియు ఆ పాకలలోనే గడచెను. రామదండను స్వచ్ఛందసేవకుల దళము కావలి కాచెను. పదునొకండు నెలలు అట్లు సాగెను. నడుమ గోపాలకృష్ణయ్యను నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్షవేసి తిరుచిరాపల్లి చెరకు పంపిరి. నాయకుడు చెరలో నుండగా, ధనసహాయము లేక, ప్రజలు అలసి 1922లో ఇండ్లకు మరలిరి. ఆశించిన ఫలము చేతికి రాలేదు. అయినను, ప్రభుత్వము వారి పనికి, వారి యింటికి, వారి సొమ్ముకు విలువకట్టగలిగెను గాని వారు వదలుకొనగల దాని పరిమితిని కనుగొనజాలక పోయెను.

ఒక గుమాస్తా తాలూకా కచేరీని వదలుటకును, ఒక పట్టణము తన ఇండ్లను వదలుటకును పదేండ్ల యెడము. నిలకడయైన నీడను తాను ముందు వదలిచూచినవాడు గనుకనే ఇతరులను వదలుమని అడుగుటకు ఆయనకు నోరువచ్చెననుట తప్పుగాదు.

అయితే ఖర్చుపుస్తకములోని రెండవ పుటను గూడ తెరవవలెను. గోపాలకృష్ణయ్య 1928 జూను 10వ తేదీన క్షయవ్యాధితో మరణించెను. అప్పటికి ముప్పదితొమ్మిదేండ్లు. ఆంధ్రరత్నమని జనులు కొనియాడిన ఆయన తుదిదినములు పేదరికమున గడచెను. కచేరీలో నిలిచియుండినచో జీతము పెరిగియుండును, పింఛను వచ్చియుండును. కల్లములోని తండ్రి అడుగు ప్రశ్నకు ఈ కథ తియ్యని జవాబు చెప్పదు. పోయినవారెల్లరు సుఖపడిరని చెప్పుట అసత్యము.

కావున ఈ కాలపు యువకులు యువతులు ఏమి చేయవలెను? ఈ నేల యెరిగిన పోలిక ఒకటి గలదు. దున్ని పడావు పెట్టిన చేను వేరు, దున్నక బీడు పడిన చేను వేరు. రెంటను ఆ యేడు పంటలేదు. మొదటిది మరుసటి కారున బలము చూపును. రెండవది తుంగకు, గరికకు నెలవగును. ఉద్యోగమునకు విరామమిచ్చుటయు అట్టిదే. విరామమునకు ముందటి దుక్కి ఎట్టిదన్నదే ప్రశ్న.

ఆ దుక్కిలో మొదటి సాలు అప్పు తీర్చుట. తండ్రి పేర బ్యాంకిలోను, బయటను ఉన్న బాకీ తనదిగా నెంచి, దానికొక దారి చూపిన పిమ్మటనే టిక్కెట్టు కొనవలెను. ప్రయాణపు సొమ్ముతోపాటు, తిరిగివచ్చి మరల పని దొరకువరకు గడచుటకు కొన్ని నెలల వ్యయమును విడిగా దాచవలెను. దానిని దారిలో ముట్టరాదు. రెండవది, వీరాస్వామయ్య మార్గమును ముందు విచారించుట. ప్రభుత్వోద్యోగి రాజీనామా ఇచ్చినచో అంతవరకు చేసిన సర్వీసు లెక్కకు రాకపోవును. జీతములేని సెలవు దొరకునేమో అడిగి చూచుట వివేకము. ప్రయివేటు కంపెనీలో పనిచేయువారు గడువు నోటీసు సక్రమముగా ఇచ్చి, పని అప్పగించి, అనుభవపత్రమును చేతబట్టుకొని రావలెను. మూడవది, దేశముల నియమములు తెలిసికొనుట. ఐరోపాలో షెంగెను ఒప్పందమునకు లోబడిన దేశములన్నిటను కలిపి, పర్యాటకుడు నూటయెనుబది దినములలో తొంబది దినములకు మించి ఉండరాదు. ఆరునెలలు అచ్చటనే గడుపుదునని బయలుదేరినవాడు నడుమదారిలో చిక్కుపడును. నాలుగవది, ఇంట పెద్దవారి ఆరోగ్యము. తాను దూరమున నుండగా ఆసుపత్రికి తీసికొనిపోవువారెవరో ముందే పేరుపెట్టి చెప్పుకొనవలెను. అక్కకో తమ్మునికో ఆ భారము చెప్పకుండ మోపిపోవుట యాత్ర అనిపించుకొనదు.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఏటేట వాననే నమ్మి ప్రత్తిగింజను నేలలో పాతువారు సాహసమనిన నెరుగని వారు కారు. బిడ్డ దున్ని వచ్చినాడో లేదో పరీక్షింపుడు. అప్పు సంగతి, దాచిన సొమ్ము సంగతి, తిరిగివచ్చు నెల సంగతి అడుగుడు. సరియైన సమాధానము వచ్చినచో ఆశీర్వదించి పంపుడు. రానిచో, ఒక యేడు ఆగుమనుడు. ఆగుమనుట అడ్డుపడుట కాదు.

తుదకు గ్రంథాలయపు మాట. పైన చెప్పిన యాత్రికులను తరువాతి తరములకు దక్కించినవి పుస్తకములే. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములు పాత పత్రికలను, పుస్తకములను భద్రపరచుటచేతనే నాటి సంగతులెన్నియో నేటివారికి అందుచున్నవి. పోవువారు ఈ బీరువాలలోని యాత్రాగ్రంథములు చదివి పోవుదురుగాక. వచ్చినవారు తాము చూచిన దేశమున రైతు కూలికి ఎంత యిచ్చుచున్నాడు, నీరు ఎట్లు పంచుకొనుచున్నారు, పంటకు ధర ఎవరు కట్టుచున్నారు, పల్లెలోని గ్రంథాలయము ఎట్లున్నది అను సంగతులు నాలుగు పుటలైనను తెలుగున వ్రాసి ఇచ్చట సమర్పింతురుగాక. అందుకొక నోటుపుస్తకమును నేటి రజతోత్సవ స్మారకముగా కార్యదర్శి మేజాపై ఉంచుట మంచిది. స్వర్ణోత్సవమునాటికి అది నిండియున్నచో, ఊరు కోల్పోయిన జీతములకు కొంత బదులు దొరకినట్లే.

గ్రంథాలయము వర్ధిల్లుగాక. పోవువారికి శుభము, వేచియుండువారికి ధైర్యము కలుగుగాక.