మీట నొక్కినాక ఓటు ఏటైనాది?



భావనపాడు సముద్రపు ఒడ్డున ఉంది. పడవలు ఒడ్డుకు వస్తాయి. చేపల బేరం మొదలవుతుంది. "చేపలు మా ఇంటికాడ తూచుకుంటాను. తూకం ఎంతో రేపు చెబుతాను" అని కొనేవాడు అంటే ఏ ఆడకూతురైనా ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. "నా కళ్ల ముందర తూచు" అంటుంది.

ఓటు కూడా అంతే. దాని లెక్క పదిమంది కళ్ల ముందర తేలాలి.

వెనకటి రోజుల్లో ఓటు కాగితం మీద ఉండేది. ముద్ర వేసి, మడిచి పెట్టెలో వేసేవారు. పెట్టె తెరిస్తే కాగితాలు కనబడేవి. తరువాత మిషను వచ్చింది. 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా వాడారు. మీట నొక్కితే దీపం వెలుగుతుంది. కూత వినబడుతుంది. మరి ఓటు ఏటైనాది? మిషను లోపల ఏముందో ఎంత చదివినవారికైనా కంటికి కనబడదు.

ఈ అనుమానం పెద్ద చదువులు చదివినవారికీ వచ్చింది. 2010లో హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్, కొందరు విదేశీ నిపుణులు కలిసి ఒక మిషనును పరీక్షించారు. మిషను చేతికి చిక్కితే లెక్క మార్చవచ్చని చూపించారు. ఆ మిషను దొంగసొత్తు అనే కేసులో హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. తరువాత బెయిలు వచ్చింది. మిషన్లు గట్టి కాపలాలో ఉంటాయి, అలా జరగదు అని ఎన్నికల సంఘం చెప్పింది.

జర్మనీ దేశంలో 2009లో కోర్టు ఒక మంచి మాట చెప్పింది. ప్రత్యేకమైన చదువు లేని మనిషి కూడా ఓట్ల లెక్కను సరిచూసుకోగలగాలి అంది.

మన సుప్రీంకోర్టు 2013లో మిషనుకు కాగితపు చీటీ ఉండాలి అంది. 2019 ఎన్నికల్లో అన్ని బూతుల్లోనూ చీటీ పెట్టె వచ్చింది. మీట నొక్కాక చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనబడుతుంది. దాని మీద అభ్యర్థి పేరు, గుర్తు, వరుస నంబరు ఉంటాయి. తరువాత పెట్టెలో పడిపోతుంది. ఇంటికి ఇవ్వరు. కాబట్టి తొందరపడి వచ్చేయకూడదు. నిలబడి చదవాలి.

చీటీ మీద వేరే పేరు కనబడితే? అక్కడికక్కడే ప్రిసైడింగు ఆఫీసరుకు చెప్పాలి. రాసి ఇస్తే, ఏజెంట్ల ఎదుట మళ్లీ మీట నొక్కించి చూస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది. నిజమైతే ఆ మిషనులో పోలింగు ఆపుతారు.

ఇక ఏజెంటు పని చూడండి. అభ్యర్థి తరఫున బూతులో కూర్చునే మనిషే ఏజెంటు. ఆడవారూ ఏజెంటు కావచ్చు. పొద్దున్నే నమూనా పోలింగు జరుగుతుంది. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, ఆ ఓట్లు తుడిచేస్తారు. అప్పుడు సీలు వేస్తారు. ఏజెంటు మిషను నంబరు, సీలు నంబరు రాసుకోవాలి. సీలు మీద సంతకం చేయవచ్చు.

సాయంత్రం పోలింగు అయ్యాక 17-సి ఫారం నకలు ఏజెంటుకు ఇస్తారు. ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. భావనపాడు బూతులో 612 పడ్డాయి అనుకుందాం. లెక్కింపు రోజున ఆ మిషను కూడా 612 చూపాలి. 611 అన్నా, 613 అన్నా అడగాలి.

చీటీలన్నీ లెక్కపెడతారా? లేదు. శాసనసభ నియోజకవర్గానికి అయిదు బూతులవి లెక్కపెట్టాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. భావనపాడు ఉన్న టెక్కలిలోనూ అంతే. ఏ అయిదు బూతులో లాటరీ తీసి తేలుస్తారు. సగం బూతుల చీటీలు లెక్కపెట్టాలని చంద్రబాబునాయుడు, మరి 20 పార్టీల నాయకులు అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. అన్నీ లెక్కపెట్టాలన్న మాటకు 2024లోనూ ఒప్పుకోలేదు. కానీ ఓడిన అభ్యర్థుల్లో రెండు, మూడు స్థానాల వారు డబ్బు కట్టి అడిగితే, నూటికి అయిదు మిషన్లను ఇంజనీర్లు పరీక్షించాలి అంది.

ఊరికే నమ్మితే మోసపోవచ్చు. ఊరికే అనుమానిస్తే ఓటు మీదే విసుగు పుడుతుంది. చూసి, చదివి, రాసుకుంటే నిజం తేలుతుంది.

నిన్న వేలిముద్ర వేసిన చెయ్యి ఇవాళ సంతకం చేస్తోంది. పేరు చదవడం వచ్చింది. అంకెలు రాయడం వచ్చింది. ఓటుకు కాపలా కాయడానికి ఆ చదువు చాలు.