బస్తరు ఇత్తడి ఏనుగు: మ్రొక్కుబడినుండి జ్ఞాపికకు

(సంఘ వార్షికోత్సవమున చదువబడిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వోద్యోగి యింట గాజు బీరువా యుండుట పరిపాటి. అందు పిల్లలు గెలిచిన కప్పులు, తిరుపతినుండి తెచ్చిన పటము, ఒక కొండపల్లి బొమ్మ, దాని ప్రక్క జానెడైన లేని ఇత్తడి ఏనుగు తరచుగా కనబడును. ఒంటినిండ దారము చుట్టినట్లు సన్నని గీతలు, మీద అంబారీ, అందొక చిన్న రౌతు. ఏ సదస్సులోనో, ఏ పదవీవిరమణ సభలోనో చేతికిచ్చిన జ్ఞాపిక యది. పీఠమునకు అంటించిన రేకుపై ఇచ్చిన సంస్థ పేరుండును, తేదీ యుండును. చేసినవాని పేరు మాత్రముండదు. నేటి ప్రసంగము ఆ లేని పేరును గూర్చినది.

సంస్థలు తమ పేరు జనుల మనసున నిలుపుటకై చిన్న వస్తువులను పంచుట క్రొత్త గాదు. అమెరికాలో క్రాకర్ జాక్ అను తినుబండారము అమ్మువారు 1912 నుండి ప్రతి పొట్లములోను ఒక చిన్న బహుమానమును పెట్టసాగిరి. బొమ్మకొరకు బిడ్డ మారాము చేయును. డబ్బు తండ్రి చెల్లించును. మన ఎయిర్ ఇండియా 1967లో తన ప్రయాణికులకు కానుకగా నిచ్చుటకై, సిగరెట్టు బూడిద రాల్చు పింగాణి పాత్ర నొకదానిని స్పెయిన్ దేశపు చిత్రకారుడు సాల్వడార్ డాలీచే రచింపజేసెను. అందలి హంసను తలక్రిందులు చేసిచూచిన ఏనుగు తలవలెను, ఏనుగు తలను త్రిప్పిచూచిన హంసవలెను కనబడును. ప్రతిఫలముగా ఆయన సొమ్మడుగలేదు; ఏనుగుపిల్ల నడిగెను. సంస్థవారు బెంగుళూరునుండి ఏనుగుపిల్లను విమానమున పంపిరి! డాలీ పేరుమోసినవాడు గనుక తన వెల తానే పలికెను. బస్తరులో ఏనుగును పోతపోయువానికి ఆ భాగ్యము లేదు.

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. ఈ పోతపనికి పేరుపొందిన కొండగాం పట్టణము జగదల్‌పూరునకు ఉత్తరమున, రాయపూరు మార్గమున నున్నది. 2012లో జిల్లా కేంద్రమైనది. దాని మీదుగా వచ్చు 30వ నంబరు జాతీయ రహదారి కుంట, భద్రాచలము, కొత్తగూడెము దాటి, కొండపల్లి ప్రక్కగా ఇబ్రహీంపట్నము చేరును. ఒకే బాటమీద ఒకచోట ఇత్తడి బొమ్మలు, మరొకచోట పొణికి కర్ర బొమ్మలు!

కొండగాం ప్రాంతపు పోతపనివారిని ఘడ్వాలందురు. మురియా, మాడియా గోండులకు వలసిన కడియములు, అందెలు, దీపములు, దేవతామూర్తులు వీరు చేయుచుండిరి. దేవతకు మ్రొక్కుబడిగా సమర్పించు ఏనుగులును గుఱ్ఱములును వీరి చేతిపనియే. నాడు కొనువా డెవ్వడో చేయువానికి తెలియును. చేయువా డెవ్వడో కొనువానికి తెలియును. బొమ్మపై పేరు చెక్కవలసిన పని లేకుండెను.

ఈ పని జరుగు తీరు వినదగినది. మొదట మట్టిలో వరి ఊక కలిపి ఏనుగు ఆకారమును చేసి యెండబెట్టుదురు. తేనెమైనమున గుగ్గిలము చేర్చి, దానిని సన్నని దారములుగా దీసి, ఆ మట్టి ఆకారముపై ఒత్తుగా చుట్టుదురు. కన్నులు, చెవులు, అంబారీ, గంటలు అన్నియు మైనముతోనే తీర్తురు. దానిపై మెత్తని మట్టి పూతలు, వానిపై పుట్టమన్ను కలిపిన దళసరి పూత వేసి, లోహము పోవుటకు దారి విడుతురు. కొలిమిలో పెట్టగా మైనము కరిగిపోవును. అది విడిచిన చోట కరగిన ఇత్తడి నిండును. చల్లారిన పిదప మట్టికవచమును పగులగొట్టనిదే బొమ్మ బయటికి రాదు. ఒక కవచమునకు ఒకటే బొమ్మ. రెండవ ఏనుగు కావలెనన్న మరల మట్టినుండి మొదలిడవలసినదే.

మన ప్రాచీనులు దీనిని మధూచ్ఛిష్ట విధానమనిరి. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున దీనిని వర్ణించెను. మొహెంజొదారోలో 1926లో దొరకిన నాట్యకత్తె ప్రతిమయు ఇట్టి పోతయే. దాని యెత్తు 10.5 సెంటీమీటర్లు, నేటి జ్ఞాపికలకంటె పెద్దది గాదు.

కాలక్రమమున కార్ఖానాల అల్యూమినియము, స్టీలు సామానులు బస్తరు సంతలకు వచ్చినవి. ఘడ్వాల పాత గిరాకి తగ్గినది. స్వాతంత్ర్యానంతరము 1952లో అఖిల భారత హస్తకళల మండలి యేర్పడినది. 2020లో రద్దగువరకు అది కొనసాగినది. ప్రభుత్వ విక్రయశాలలు, ప్రదర్శనలు ఇట్టి చేతిపనులకు పట్టణపు త్రోవ చూపినవి. కొండగాంకు చెందిన జయదేవ్ బఘేల్ 1977లో జాతీయ పురస్కారమందెను. 2014లో మరణించునాటికి ఆయన పనిని విదేశములును ఎరుగును. బస్తరు డోక్రా పేరిట 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2022 జూన్‌లో జర్మనీలో జరిగిన జి-7 సభా సందర్భమున భారత ప్రధాని అర్జెంటీనా అధ్యక్షునికి ఛత్తీస్‌గఢ్ డోక్రా నందిని బహూకరించెను. దేవత ముందర నిలిచిన ఏనుగు ఇట్లు కానుకల పెట్టెలోనికి నడచివచ్చినది.

ఈ మార్పును నిందించుట న్యాయముగాదు. జ్ఞాపికయే లేకున్న అనేక కొలుములు ఆరిపోయెడివి. అయినను చిక్కొకటి కలదు. కార్యాలయపు కొనుగోలు పద్ధతి సభ్యులకు విశదమే: కొటేషనులు పిలువవలెను, తక్కువ ధర నంగీకరింపవలెను, సరుకు నమూనాతో సరిపోలవలెను, వారము దినములలో చేరవలెను. కవచము పగులగొట్టినగాని పుట్టని బొమ్మ ఈ నాలుగింటికిని లొంగదు. ఒక ఏనుగు తొండము కొంచెము కుడికి తిరుగును. మరొకదాని రౌతు కొంచెము పొట్టిగా నుండును. వర్షము పడిన మట్టి యారదు, పని సాగదు. ఆ అవసరమును కనిపెట్టి, యంత్రపు అచ్చులలో దించిన నకళ్ళు బజారునకు వచ్చినవి. అవి యన్నియు ఒకే పోలికగా నుండును, చవుక, అడిగిననాటికి అందును. పరీక్షించు అధికారికి ఏ యాక్షేపణయు నుండదు. అసలుదానిపై మాత్రము మైనపు దారమును వ్రేళ్ళతో నొత్తిన జాడ కనబడును. పెక్కింటి కడుపులో ఆ మొదటి మట్టి యింకను నిలిచియుండును.

ఇది బస్తరు ఘడ్వాల బాధ మాత్రమే గాదు. తెలంగాణమున ఉషేగాం వంటి గ్రామములలో ఓజులు ఇదే పని చేయుచున్నారు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

తెలుగు సంఘములు ఏటేట అతిథులకు జ్ఞాపికలిచ్చుచునే యున్నవి. ఆ యిచ్చుటలో మూడు నియమములు పాటించిన చాలును. పండుగ ముందువారమున గాక, నాలుగు నెలల ముందే పని చెప్పవలెను. బొమ్మ బొమ్మకు గల తేడాను లోపముగా నెంచి త్రిప్పి పంపరాదు. పీఠముపై సంఘము పేరు వ్రాయించునపుడు దాని క్రింద చేసినవాని పేరును, ఊరిపేరును వ్రాయింపవలెను. ఇందులకు ఎవ్వరి అనుమతియు నక్కరలేదు. ఒక్క పంక్తి చాలును.

సభ్యులు నేడు ఇండ్లకు వెళ్ళిన పిదప బీరువాలోని ఏనుగును ఒకమారు చేతికి దీసికొని, దాని ఒంటిపై దారపు గీతలను పిల్లలకు చూపుదురుగాక. ఇచ్చినవారెవ్వరని పిల్లలడిగిన రేకు చూచి చెప్పవచ్చును. చేసినవారెవ్వరని అడిగిననాడు చెప్పుటకును ఒక పేరుండవలెను.