బడి కప్పు కింద కూర్చున్న పిల్లలు



ఉర్దూ బోధన గురించి, ఉపాధ్యాయ ఖాళీల గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఆ బోధన ఏ కప్పు కింద సాగుతున్నదో అంతగా మాట్లాడుకోలేదు. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోది గ్రామంలో ప్రభుత్వ బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. ఉదయం బడికి వచ్చిన పిల్లలు వారు.

భవనం ఒక్కరోజులో శిథిలం కాదు. వాననీటి గొట్టంలో ఆకులు నిండుతాయి. నీరు శ్లాబు మీద నిలిచి, సన్నని బీటల గుండా లోపలి ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి సిమెంటు పెచ్చులను కిందికి నెడుతుంది. పిట్టగోడ మూలన మొలిచిన రావి మొక్కను చేత్తో పీకివేయగలిగిన దశలో ఎవరూ పట్టించుకోరు. వేరు గోడను చీల్చిన తరువాత అంచనాలు లక్షల్లో తయారవుతాయి.

ఇక నిధుల సంగతి. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం బడికిచ్చే వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు 25,000. చిన్న మరమ్మతులతో పాటు కరెంటు బిల్లు వంటి ఖర్చులూ అందులోంచే. మన ఊళ్లలో ఉర్దూ ప్రాథమిక బడులు అనేకం చిన్నవి. పిల్లలు సగమైతే కప్పు సగం కాదు గదా! కారే బడి నుంచి తల్లిదండ్రులు పిల్లలను మాన్పిస్తారు. సంఖ్య తగ్గి నిధి తగ్గుతుంది. చివరకు పిల్లలు లేరంటూ విలీనం మాట వస్తుంది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. కారే కప్పు ఆ వసతిని మౌనంగా హరిస్తున్నదని మేము భావిస్తున్నాము.

సురక్షితమైన బడి విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2009లో అవినాశ్ మెహ్రోత్రా కేసులో తీర్పు చెప్పింది. అదే ఏటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. సభ్యులలో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసింది ఆ కమిటీయే. తీర్మానాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించనిదే తల్లులు సంతకం చేయవద్దు.

రంజాన్‌కు ముందు మసీదుకు సున్నం వేయించుకునే మొహల్లాలు మనవి. మేస్త్రీలూ మనలోనే ఉన్నారు. రోహిణి కార్తెలో ఒక పూట బడి డాబా ఎక్కి గొట్టాలు శుభ్రం చేయడం భారం కాదు. అయితే ఒక హద్దు ఉండాలి. ఆకులు తీయడం మన పని, శ్లాబు వేయడం ప్రభుత్వ బాధ్యత. చందాలతో గదులు కట్టి ఆ బాధ్యతను మాఫీ చేయడం మాకు సమ్మతం కాదు.

బీటల ఫోటోలు, తేదీ, కమిటీ తీర్మానం జతచేసి మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకుంటే ఆ అర్జీపై ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పెచ్చులూడుతున్న గదిలో ఈలోగా తరగతి నడపరాదని, పిల్లలను ఫలానా షాదీఖానాలోనో పంచాయతీ భవనంలోనో కూర్చోబెట్టాలని అదే తీర్మానంలో స్పష్టంగా రాయించండి.